మందు కొట్టని వంకాయలు

ముందు జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను. ఆ సోమవారం తెల్లవారుజామున పిల్లచెరువులో ఏరేటర్ తిరిగింది. నా చెవులతో విన్నాను. కాపలా మనిషి తాగలేదు, నిద్రపోలేదు. చేపపిల్లలు చచ్చిపోయింది అతని వల్ల కాదు, నా వల్ల. ఈ నాలుగు మాటలు నోటితో అనడానికి నాకు మూడేళ్ళు పట్టింది. ఎందుకు పట్టిందో చెప్పాలంటే వంకాయల దగ్గర మొదలుపెట్టాలి.

నేను ఏలూరులో బడిపంతుల్ని. పిల్లలకి జీవశాస్త్రం చెబుతాను. మా అక్కని చేసుకున్న బావకి కొల్లేరు వైపు చేపల చెరువులున్నాయి. రెండు పెద్దవి, వాటి పక్కన ఒక చిన్నది. ఆ చిన్నదాన్ని పిల్లచెరువు అంటాం. వేలెడంత చేపపిల్లల్ని తెచ్చి అందులో పెంచి, జానెడయ్యాక పెద్ద చెరువుల్లో వదులుతారు. పిల్లచెరువు పక్కన గట్టు బాగా వెడల్పు. ఖాళీగా పడుంది కదా అని బావ దాన్ని నాకు వదిలేశాడు. ఆదివారాలు స్కూటరు మీద వెళ్ళి వంగ మొక్కలు వేసుకునేవాణ్ణి.

"ఒక్కటే షరతు బావమరిదీ," అన్నాడు మొదటి రోజే. "గట్టు మీదికి పురుగుమందు డబ్బా రాకూడదు. ఖాళీ డబ్బా కూడా రాకూడదు. నీ వంకాయల కంటే నా పిల్లలు సుకుమారం."

ఆ షరతుని నేను నా గొప్పగా మార్చుకున్నాను. బడిలో స్టాఫ్ రూముకి సంచీలతో పట్టుకెళ్ళి పంచుతూ "మందు చుక్క తగల్లేదండీ" అనేవాణ్ణి. బంధువుల వాట్సాప్ గ్రూపులో ప్రతి ఆదివారం నా వంకాయల ఫొటో ఉండేది. నాకు 'మందు కొట్టని మేష్టారు' అని పేరు పెట్టారు. వాళ్ళు నవ్వుతూనే అనేవారు. నేను మాత్రం దాన్ని బిరుదులా పుచ్చుకున్నాను.

గట్టు చివర రేకుల షెడ్డులో కాపలా మనిషీ, అతని భార్యా ఉండేవారు. అతనికి ఇంచుమించు నా వయసే. పగలు దోనెలో వెళ్ళి పెద్ద చెరువులకి మేత వేయడం, రేకు డబ్బా కొట్టి పక్షుల్ని తోలడం అతని పని. అన్నిటికంటే ముఖ్యమైన పని తెల్లవారుజామున ఉండేది. మబ్బు పట్టిన రోజుల్లో చెరువు నీళ్ళలో గాలి తగ్గిపోతుంది. అప్పుడు లేచి ఏరేటర్ వేయాలి. అది నీళ్ళని చిలికి గాలి కలిపే రెక్కల చక్రం. ఆ పూట కాపలా మనిషి నిద్రపోయాడంటే తెల్లారేసరికి చేపలు వెల్లకిలా తేలతాయి. చెరువుల దగ్గర కాపలావాడికి ఇంతకు మించిన చెడ్డపేరు లేదు. దొంగ అన్నా మళ్ళీ పని దొరుకుతుందేమో గానీ, ఏరేటర్ వేయకుండా పడుకున్నాడంటే దొరకదు.

ఆ ఏడు కార్తీకంలో మావాళ్ళ వనసమారాధన ద్వారకా తిరుమల దారిలో ఒక మామిడితోటలో పెట్టుకున్నారు. మూడొందల మంది భోజనాలు. వంటల లెక్క వేస్తుంటే నేనే లేచి, "గుత్తొంకాయకి కాయలన్నీ నావి. మందు కొట్టనివి" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంకా మూడు వారాలుందనగా మొక్కల మొవ్వులు వాలడం మొదలైంది. పొద్దున నిటారుగా ఉన్న చిగురు సాయంత్రానికి మెడ విరిగినట్టు వేలాడేది. నీళ్ళు చాల్లేదనుకుని ఇంకా పోశాను. మరుసటి ఆదివారానికి ఇంకో పాతిక మొక్కలు వాలాయి. కాయల మీద గుండుసూది బెజ్జాలు, బెజ్జం మూతిన తడి పొట్టు. కోస్తే లోపల గులాబీ రంగు పురుగు. పురుగు లోపలుంది సరే, దాన్ని పెట్టిన తల్లి ఏదీ? టార్చి వేసుకుని ఆకు ఆకూ తిరగేశాను. ఆకుల మీద పిట్టరెట్టలు తప్ప ఏమీ కనిపించలేదు. అక్కడ రెట్టలు మామూలే. నెత్తిన ఎప్పుడూ గూడబాతులో, నీటికాకులో, నత్తగొట్టు కొంగలో తిరుగుతూనే ఉంటాయి. బట్టలారేసుకున్నా రెట్టే, స్కూటరు సీటు మీదా రెట్టే.

కాపలా మనిషి భార్య బిందెతో వెళుతూ ఆగింది.

"ఏం ఎతుకుతున్నారండీ మేష్టారూ?"

"పురుగు తల్లి కోసం. రెక్కలపురుగు ఉండాలి. కనపడ్డంలేదు."

"మీ బొటనేలు పక్కనే ఉంది కదండీ."

నా బొటనవేలి పక్కన ఉన్నది రెట్ట. తెల్లగా, మధ్యలో గోధుమరంగు మరక, అంచున కాస్త ఎండినట్టు. అదే చెప్పాను.

"రెట్టకి తోక పైకి లేచుంటదాండీ?" అంటూ ఆమె ఆకుని వేలితో మీటింది. రెట్ట ఎగిరింది. ఒక బార దూరం పోయి ఇంకో ఆకు కింద వాలి మళ్ళీ రెట్టయిపోయింది. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే ఆమె బిందె చంకనెత్తుకుని పగలబడి నవ్వింది.

"పిల్లలకి ఇయ్యే పాఠాలు చెప్తారంటగా అండీ తమరు!"

ఆ తర్వాత చూస్తే తోట నిండా అవే. నేను ప్రతి ఆదివారం పక్కకి తప్పుకుని పోయిన రెట్టల్లో సగం ఈ పురుగులే అయ్యుంటాయి.

"దీనికేంటి మార్గం?" అనడిగాను.

"వాలిన మొవ్వల్లా తుంచెయ్యాలండి. పుచ్చిన కాయ కోసెయ్యాలండి. గట్టు మీద పడెయ్యకూడదు, తగలెట్టెయ్యాలి. రోజూ చెయ్యాలి. ఓ నెల చేత్తే అదే సర్దుకుంటది."

"నెలా? రెండు వారాల్లో సమారాధన."

"అయితే సగం కాయలే వత్తాయండి. సగం పట్టుకెళ్ళండి, ఏం పోయింది?"

ఏం పోతుందో ఆమెకి తెలియదు. మూడొందల మంది ముందు 'మందు కొట్టని మేష్టారు' సగం బస్తాతో దిగుతాడు. మిగతా సగం ఎవరో బజార్లో కొంటారు. నేను వారం రోజులు మొవ్వులు తుంచమని ఆ దంపతులకే అప్పజెప్పాను. వాళ్ళు తుంచారు కూడా. తగ్గుముఖం పట్టినట్టే ఉంది. కానీ నాకు ఓపిక లేకపోయింది.

మందు ఏలూరులో కొంటే బావ చెవిన పడుతుందని తాడేపల్లిగూడెం వెళ్ళాను. కొట్టాయన పెద్దమనిషి. డబ్బా తీసి నా చేతికివ్వకుండా తన చేతిలోనే పట్టుకున్నాడు.

"ఏ పంటకండీ?"

"వంగకి."

"దగ్గర్లో చేపల చెరువులూ, రొయ్యల చెరువులూ ఏమన్నా ఉన్నాయాండీ? ఇది చేపకి పడదండి. చుక్క చాలు."

"లేవండి. పెంటపాడు దగ్గర మెరక పొలం," అన్నాను. అబద్ధం అంత చక్కగా వస్తుందని నాకప్పటిదాకా తెలియదు.

సమారాధనకి ముందు ఆదివారం సాయంత్రం. కాపలా మనిషి భార్య పుట్టింటికి వెళ్ళింది. అతను దోనెలో పెద్ద చెరువు అవతలి ఒడ్డున మేత వేస్తున్నాడు. స్కూటరు డిక్కీలోంచి డబ్బా తీశాను. షెడ్డు గోడకి వేలాడుతున్న స్ప్రేయర్ తీసుకుని, ఎప్పుడూ వేపనూనె కొట్టినట్టే, వీపుకి తగిలించుకున్నాను. గాలి లేదు. ఆకాశం మబ్బుగా ఉంది. వరస వెంట వరస కొట్టుకుంటూ పోయాను. తలెత్తి చూసినప్పుడల్లా దోనె ఇంకా అవతలే ఉంది. నా తొందరంతా అది ఇటు తిరిగేలోపు అయిపోవాలని. అయింది. ట్యాంకులో ఇంకా నాలుగోవంతు మిగిలింది. దాన్ని ఎక్కడ పారబోయాలి? గట్టు మీద పోస్తే వాసన. స్కూటరు మీద తీసుకెళ్ళలేను. దోనె ఇటు తిరిగింది.

పిల్లచెరువు మెట్ల దగ్గర వంగి, ట్యాంకు ఒంపేసి, రెండుసార్లు తొలిచి, ఆ నీళ్ళూ అందులోనే పోశాను. ఇంత చెరువుకి ఈ కాస్త ఎంత అనుకున్నాను. కొట్టాయన 'చుక్క చాలు' అన్నది అప్పుడే చెవిలో మోగింది. అయినా చెయ్యి ఆగలేదు. ఇక్కడ నన్ను నేను కాపాడుకోదలచుకోలేదు. తెలియక చేసింది కాదు.

మరునాడు బడికి వెళ్ళేముందు ఒకసారి చూసొద్దామని చీకటితోనే బయలుదేరాను. గట్టెక్కుతుంటే ఏరేటర్ చప్పుడు వినబడింది. నీళ్ళని చెంపలు వాయించినట్టు తపతపమని. ఆ చప్పుడుకి నా ప్రాణం కుదుటపడింది కూడా. అంతా మామూలుగానే ఉందనుకున్నాను. దగ్గరికి వచ్చేసరికి కాపలా మనిషి మొలలోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. చుట్టూ తెల్లగా చేపపిల్లలు. చక్రం రెక్కలకి తగిలి ఎగిరి పడుతున్నాయి. అతను నన్ను చూసి గట్టెక్కి, స్విచ్చి ఆపి, మళ్ళీ వల పట్టుకుని దిగాడు. ఏరేటర్ ఆగింది అప్పుడు. నేను చూస్తుండగా.

"మూడింటికే వేశానండి," అన్నాడు. "మబ్బేసింది కదాని. గాలికి ఎగబోసుకుంటే చేప పైకొచ్చి నోరు తెరుత్తదండి. ఇయ్యి అలా లేవండి. గింగిరాలు తిరిగాయండి, టార్చేసి చూశాను."

వలలో పడ్డవి గట్టు మీద ఒంపాడు. వాటితో బాటు నీళ్ళ మీద పరిగెత్తే సన్నకాళ్ళ పురుగులు గుప్పెడు. చచ్చి ఉన్నాయి. వాటిని అరచేతిలోకి తీసుకుని నాకు చూపించాడు.

"నీళ్ళ మీద నడిచే పురుగులక్కూడా గాలి చాల్లేదా అండి మేష్టారూ?"

నేను జీవశాస్త్రం చెబుతాను. దానికి జవాబు నాకు తెలుసు. అతను నా మొహంలోకి చూడకుండా అరచేతిలోకే చూస్తూ అడిగాడు.

అరగంటలో బావ వచ్చాడు. వెనకే పక్క చెరువులవాళ్ళు ముగ్గురు. బావ తెల్లటి చెరువుని చూశాడు, ఆగిపోయి ఉన్న ఏరేటర్ని చూశాడు. అంతే.

"ఒరేయ్! పడుకున్నావా?"

"లేదండి బాబుగారూ. మూడింటికే వేశానండి. చేపల్ని కోసేత్తందని ఇప్పుడే ఆపానండి."

"ఇప్పుడే ఆపాట్ట! చచ్చినాక ఆపాడు!" అన్నాడు పక్క చెరువాయన. "పెళ్ళాం ఊళ్ళో లేదుగా. రాత్రి చుక్కేసుంటాడు."

"తాగలేదండి. ఒట్టండి. మేష్టారొచ్చేసరికి తిరుగుతానే ఉందండి. అడగండి."

బావ నావైపు తిరిగాడు. అందరూ తిరిగారు. కాపలా మనిషి కూడా మొదటిసారి నా కళ్ళలోకి చూశాడు.

"నువ్వొచ్చేసరికి తిరుగుతోందా?"

అవును అంటే చాలు, అతను బయటపడతాడు. కానీ ఏరేటర్ తిరుగుతుండగా చేపలెలా చచ్చాయన్న ప్రశ్న వస్తుంది. నీళ్ళు పరీక్షకి పట్టుకెళతారు. స్ప్రేయర్ మూత తీసి వాసన చూస్తారు. నా వంకాయలు, నా పేరు, ఆదివారం సమారాధన. ఇవన్నీ ఒక్క ఊపిరిలో కళ్ళముందు తిరిగాయి.

"నాకు చప్పుడేం వినపడలేదు బావా," అన్నాను.

కాపలా మనిషి వల మడిచి షెడ్డు చూరులో దోపాడు. మధ్యాహ్నానికల్లా సామాను సర్దుకోమని బావ చెప్పాడు. నేను బడికి వెళ్ళిపోయాను. ఆ రోజు ఏడో తరగతికి ఏ పాఠం చెప్పానో గుర్తులేదు.

ఆదివారం సమారాధన బ్రహ్మాండంగా జరిగింది. కొత్తిమీర కారం పెట్టిన గుత్తొంకాయ. మందు కొట్టి వారమైంది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఒకటే పొగడ్తలు. "ఇలాంటి కాయ బజార్లో దొరకదండీ, మందు లేని రుచే వేరు." కడుపులో బాలేదని నేను తినలేదు. ఆ తర్వాత వంగతోట పీకేశాను. గ్రూపులో ఎవరో అడిగితే తీరిక ఉండట్లేదని రాశాను.

మూడేళ్ళు. ఈమధ్య తాడేపల్లిగూడెంలో పనుండి ఉల్లిపాయల మార్కెట్టు పక్కగా నడుస్తుంటే "బాగున్నారా మేష్టారూ" అని వినిపించింది. లారీ వెనక బస్తా మోస్తున్న మనిషి. కాపలా మనిషే. మెడ ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. అక్కడే గోనె మీద కూర్చుని కుళ్ళిన ఉల్లిపాయలు ఏరుతున్న అతని భార్య తలెత్తి చూసి మళ్ళీ దించుకుంది.

చెరువుల దగ్గర మళ్ళీ పని దొరకలేదా అనడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"నాలుగు చోట్ల అడిగానండి. దెందులూరు అవతల కూడా అడిగాను. 'ఏరేటర్ ఎయ్యకుండా తాగి పడుకున్నది నువ్వేగా' అన్నారండి. మన చెరువుల రోడ్డు టీ కొట్టులో అనుకున్న మాట అక్కడిదాకా ఎళ్ళిందండి."

అప్పుడు చెప్పాను. లారీ పక్కన, ఉల్లిపొట్టులో నిలబడి, డబ్బా కొన్న దగ్గర్నుంచి ట్యాంకు ఒంపిన దాకా చెప్పాను. అతను బస్తా కూడా దించకుండా విన్నాడు.

"తెల్సండి," అన్నాడు.

"ఎప్పుడు?"

"ఆ పొద్దున్నేనండి. స్ప్రేయర్ ఎప్పుడూ మేకుకి బోర్లా పెడతానండి. ఆవేళ నిలువుగా ఉంది. మూత తీత్తే కంపు."

"మరి బావతో ఎందుకు చెప్పలేదు?"

"మీరు చెప్తారనుకున్నానండి. మధ్యాన్నం దాకా చూశాను."

ఆమె ఉల్లిపాయలు ఏరడం ఆపకుండానే అడిగింది. "వంకాయ కూర బాగుందన్నారా అండీ అందరూ?"

"ఊరుకోవే," అన్నాడతను.

"మూడేళ్ళు ఊరుకున్నాను గదా. ఇంకా ఎంతకాలం?" అని నావైపు తిరిగింది. "మాకు చెప్తే ఏం లాభమండీ? మాకు తెలిసిందే మాకు చెప్తున్నారు. పోగొట్టుకున్న చోటే ఎతుక్కోవాలంటారు. మా ఆయన పేరు ఇక్కడ పోలేదండి."

ఆ సాయంత్రమే బావ దగ్గరికి వెళ్ళాను. అంతా చెప్పాను. అక్క మంచినీళ్ళు తెచ్చి పెట్టి, మా ఇద్దరి మొహాలూ చూసి లోపలికి వెళ్ళిపోయింది.

"నష్టం సంగతి వదిలెయ్," అన్నాడు చివరికి. "అయిపోయింది. కానీ ఇది మనిద్దరి మధ్యే ఉండనీ. సొంత బావమరిదే నా చెరువులో విషం పోశాడంటే రోడ్డు మీద నేనెలా తిరగను? వాడికేదో పని నేను చూస్తాలే."

"ఏమని చెప్పి చూస్తావు బావా? వాడు మంచోడని నువ్వంటే, అప్పుడేమైందని అడుగుతారు."

"నువ్వు మాత్రం అక్కడ నోరెత్తకు."

మర్నాడు పొద్దున ఆరింటికి టీ కొట్టుకి వెళ్ళాను. చెరువుల రోడ్డు మొదట్లో ఉంటుంది. ఆ చుట్టుపక్కల చెరువులున్నవాళ్ళంతా పొద్దున్నే అక్కడ చేరతారు. ఆవేళ పదిమంది దాకా ఉన్నారు. ఆ రోజు గట్టు మీదికి వచ్చిన ముగ్గురిలో ఇద్దరున్నారు. బావ మోటారుసైకిలు కూడా అక్కడే ఉంది. నన్ను చూడగానే గ్లాసు బల్ల మీద పెట్టాడు. కళ్ళతోనే వద్దన్నాడు.

బల్ల అంచు పట్టుకుని చెప్పాను. ఇక్కడ మొదట్లో రాసిన నాలుగు మాటలే. తర్వాత మందు సంగతి.

బావ లేచి వెళ్ళి మోటారుసైకిలు స్టార్ట్ చేశాడు గానీ కదల్లేదు. 'చుక్కేసుంటాడు' అన్న ఆయనే మొదట నోరు విప్పాడు. సమారాధనలో ఆయనా మా పంక్తిలోనే కూర్చున్నాడు.

"అంటే మేష్టారూ, మాకెట్టిన ఆ వంకాయలు మందు కొట్టినయ్యా?"

"అవునండి."

"రెండోసారి అడిగి మరీ వేయించుకున్నానయ్యా!" అన్నాడాయన గుండె మీద చెయ్యేసుకుని. ఇంకొకాయన తన మనవరాలు కూడా తిన్నదన్నాడు. ఏ మందు, ఎన్ని రోజుల ముందు కొట్టాను, కడుపులో ఉంటుందా, పోతుందా. ఒకరి మీద ఒకరు అడిగారు. అడగాల్సిందే. చెప్పాను. కానీ పావుగంట గడిచినా కాపలా మనిషి మాట ఎవరూ ఎత్తలేదు.

నేనే మళ్ళీ గొంతు పెంచాల్సి వచ్చింది. "ఏరేటర్ తిరిగిందండీ. మీ అందరి ముందూ నేను అబద్ధం చెప్పాను. అతను తాగలేదు."

"సర్లెండి, విన్నాం," అన్నారెవరో. మూలన కూర్చున్న ముసలాయన ఒక్కడు, నాకు పరిచయం లేనాయన, "ఇప్పుడెక్కడున్నాడు వాడు?" అనడిగాడు. తాడేపల్లిగూడెం మార్కెట్లో అని, వాళ్ళ దగ్గర తీసుకున్న ఫోన్ నంబరు చెప్పాను. జేబులోంచి బీడీకట్ట తీసి, దాని మీద రాసుకున్నాడు. చేస్తాడో లేదో నాకు తెలియదు. ఇది రాస్తున్న నాటికి చేయలేదు.

స్కూటరు దగ్గర నిలబడి ఆ నంబరుకే నేనూ చేశాను. అతని భార్య ఎత్తింది.

"అన్నారా?"

"అన్నానమ్మా. టీ కొట్టులో. అందరి ముందూ."

"ఏవన్నారండీ?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "వంకాయల గురించి అడిగారు."

అవతల లారీ హారన్ వినిపించింది. ఆమె దాన్ని పోనిచ్చింది.

"అడుగుతార్లెండి," అంది. "అయ్యి తిన్నది ఆళ్ళు కదండీ."